తేడాలు సున్నా అన్నాక ఇంకేం కావాలండీ?

సమస్య తీర్చే కస్టమర్ సపోర్టు ఎవరికి కావాలండీ?

ఫోన్ చేయగానే ఎత్తి, చెప్పగానే విని, విన్న వెంటనే సరిచేసి పెడితే మనిషి ఏం నేర్చుకుంటాడు? ఏమీ నేర్చుకోడు! కాళ్లు బారజాపుకుని కూర్చుంటాడు. ఆ సోమరితనం నుంచి మానవజాతిని కాపాడుతున్నది సపోర్టువాళ్లేనని నా గట్టి నమ్మకం. నమ్మనివాళ్లు రికార్డుల అక్క సంగతి వినాలి.

ఆవిడ ఒక ఆసుపత్రిలో రోగుల వివరాలు చూసుకుంటుంది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి లిఫ్టు నడిపే ఆయన దాకా అందరికీ రికార్డుల అక్కే. ఆవిడ గదిలో రెండు కంప్యూటర్లు, ఒక కుంటి కుర్చీ, సగమే తెరుచుకునే ఒక కిటికీ ఉంటాయి.

ఆసుపత్రివాళ్లు పక్కవీధిలో కొత్త భవనం కట్టారు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి పాత డేటాబేసు ఆపేసి, కొత్తది మొదలుపెట్టాలి. ఆ పనికోసం ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చారు. పాతదాంట్లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి పంపడం, తర్వాత రెంటినీ పక్కపక్కన పెట్టి ఎక్కడైనా తేడా ఉందేమో చూసి చెప్పడం దాని పని. శుక్రవారం పొద్దున అక్క బటన్ నొక్కింది. తెరమీద పచ్చటి అక్షరాలు మెరిశాయి: 'తేడాలు సున్నా'.

సూపరింటెండెంటుగారు స్వయంగా వచ్చి ఆ సున్నాని ఫోటో తీసుకున్నారు. జీవితంలో సున్నా చూసి అంత మురిసిపోయిన మనిషి ఇంకొకరు ఉండరు!

అక్క అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ కొత్త ఇంట్లో మనవాళ్లు ఎలా సర్దుకున్నారో చూసినట్టు, తన పిన్ని రికార్డు తెరిచింది. పేరుంది. వయసుంది, పిన్ని ఒప్పుకున్నంతే ఉంది. కానీ రిమార్కుల గడి ఖాళీ.

పాతదాంట్లో అదే గడిలో ఇలా ఉంది: 'పెన్సిలిన్ పడదు. పోయినసారి ఊపిరాడలేదు.'

ఆ ఆసుపత్రి ఫారంలో పడని మందులు రాయడానికి వేరే గడి లేదు. మొదట్లో ఎవరికీ తట్టలేదు. అందుకని నర్సులు వాటిని రిమార్కుల్లో రాయడం మొదలుపెట్టారు, ఏళ్ల తరబడి అదే అలవాటైపోయింది. అక్క ఇంకో పది రికార్డులు తెరిచింది. అన్నిట్లోనూ రిమార్కులు ఖాళీ. పైగా పిన్ని కాలికి పుండు పడింది, సోమవారం పదింటికి డాక్టరు దగ్గరికి వస్తోంది. పిన్ని డాక్టర్ల ముందు నోరు విప్పే రకం కాదు. "అన్నీ ఆ కంప్యూటర్లో ఉన్నాయి కదా నాయనా" అంటుంది.

ఇక ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్టువాళ్ల సేవలు మొదలయ్యాయి. కాస్త భక్తిగా వినండి.

ముందు చాట్ రోబో పలికింది: "అయ్యో, మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది!" అక్క ఇంకా ఏమీ చెప్పనే లేదు. చెప్పకముందే బాధ అర్థం చేసుకునేవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారు చెప్పండి?

తర్వాత ఫిర్యాదుకి ఒక టికెట్ నంబరు వచ్చింది. దాని వెనకే ఒక జవాబు: "కంప్యూటర్ ఆపి, మళ్లీ పెట్టండి." పెట్టింది. సున్నా మళ్లీ పచ్చగా వెలిగింది. "స్క్రీన్‌షాట్ పంపండి." పంపింది. "అందులో తేడాలు సున్నా అని కనిపిస్తోంది. మీ సమస్య ఏమిటి?"

ఎంత సూక్ష్మదృష్టి!

అదే నా సమస్య అని అక్క రాసింది. ఈసారి జవాబు వేరే మనిషి నుంచి వచ్చింది. మొదటినుంచి చెప్పమన్నాడు. చెప్పింది. మధ్యాహ్నానికి మూడో ఆవిడ వచ్చి మొదటినుంచి చెప్పమంది. మంచంలో ఉన్నవాళ్లని చూడటానికి వచ్చిన చుట్టాలు ఒక్కొక్కరే కూర్చుని "అసలేం జరిగింది?" అని అడుగుతారు చూడండి, అచ్చం అలాగ. సాయంత్రానికి అక్కకి ఆ కథ ఎంత నోటికొచ్చిందంటే, లిఫ్టాయన "ఎలా ఉన్నావక్కా?" అని పలకరిస్తే కూడా వెర్షన్ నంబరుతో సహా చెప్పేసింది. జ్ఞాపకశక్తికి ఇంతకంటే మంచి మందుందా?

శనివారం పొద్దున సూపరింటెండెంటుగారి గదికి వెళ్లింది.

"సార్, సోమవారం వద్దు. ఒక్క వారం ఆగుదాం."

"సాఫ్ట్‌వేర్ సున్నా అంటోంది. నువ్వు కాదంటున్నావు. నేనెవరి మాట నమ్మాలమ్మా?"

"మా పిన్ని మాట నమ్మండి సార్. పోయినసారి ఊపిరాడక నీలంగా అయిపోయింది."

ప్రారంభోత్సవానికి పెద్దలంతా వస్తామన్నారు, బ్యానర్ కూడా కట్టేశారు. "సపోర్టువాళ్లనే గట్టిగా అడుగు" అని సలహా ఇచ్చారు. ఇవ్వడానికి ఆయన దగ్గర అంతకుమించి ఏమీ లేదు.

అక్క హెడ్ నర్సుని పిలిచింది. ఆవిడది మైకు అక్కర్లేని గొంతు. ఇద్దరూ తలో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. హెడ్ నర్సు పాతదాంట్లోంచి రిమార్కులు చదివితే, అక్క కొత్తదాంట్లో కొట్టింది. శనివారమంతా, ఆదివారం పొద్దుగూకేదాకా. 'సల్ఫా పడదు.' 'మత్తుమందుతో జాగ్రత్త.' 'ఆస్పిరిన్ వేస్తే రక్తం ఆగదు.' మధ్యలో 'ఈయన సూది చూస్తే పారిపోతాడు, తలుపు వేయాలి' అని కూడా ఉంది. అదీ కొట్టింది. మొత్తం నాలుగువందల పన్నెండు. హెడ్ నర్సుకి గొంతు పోయింది. ఆవిడ వార్డులో రోగులు మొదటిసారి ప్రశాంతంగా నిద్రపోయారంటే, అదీ సపోర్టువాళ్ల చలవే కదా!

సోమవారం పదింటికి పిన్ని వచ్చింది. కొత్త భవనం, కొత్త డాక్టరు. ఆయన మందు రాయబోయి, తెర చూసి ఆగాడు.

"పెన్సిలిన్ పడదా పెద్దమ్మా?"

"అన్నీ ఆ కంప్యూటర్లో ఉన్నాయి కదా నాయనా" అంది పిన్ని.

వేరే మందు రాశాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ అక్కకి కళ్లనీళ్లు తిరిగాయి. పిన్ని మాత్రం "లిఫ్టులో అద్దం బాగుందే" అనుకుంటూ ఇంటికి పోయింది.

పదకొండింటికి ఫోన్ టింగుమంది. 'మీ సమస్య పరిష్కారమైనట్టు మాకు సంతోషంగా తెలిసింది. టికెట్ మూసేశాం. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?'

ఓర్పులో ఇంత గొప్ప శిక్షణ ఇచ్చినవాళ్లమీద అక్కకి ఒక్కసారిగా ఒళ్లు మండింది. నంబరు పట్టుకుని ఫోన్ చేసింది. యాభై నిమిషాల సంగీతం తర్వాత నిజంగా ఒక మనిషి ఎత్తాడు! నడివయసు గొంతు, బాగా అలిసిపోయింది. అక్క కథ మొదలుపెట్టబోతే ఆయనే అందుకున్నాడు.

"రిమార్కులు రాలేదు, అంతేనా అమ్మా? పొడుగు రాతలుండే గడుల్ని మాది పంపదు, పోల్చదు. పోలిస్తే ఆలస్యమవుతుందని వదిలేస్తుంది. సెట్టింగుల్లో మూడు మెనూల కింద చిన్న గడి ఉంటుంది, అందులో టిక్కు పెడితే అవీ చూస్తుంది."

"ఆ ముక్క శుక్రవారమే చెప్పొచ్చు కదండీ!"

"మాకిచ్చిన జవాబుల పట్టీలో అది లేదమ్మా. నెలకి నలభైమంది అడుగుతారు. 'తేడాలు సున్నా' అనే చోట 'చూసినంతవరకు' అనే మాట చేర్చమని రెండేళ్ల క్రితం నేనే మా కంపెనీలో టికెట్ పెట్టాను."

"ఏమన్నారు?"

"పరిష్కారమైందని మూసేశారు."

అక్క మెల్లగా అడిగింది. "నక్షత్రాలు ఇచ్చారా?"

"ఐదూ ఇచ్చానమ్మా. తక్కువిస్తే కారణం మొదటినుంచి చెప్పమంటారు."

"సరే, మీ సాఫ్ట్‌వేర్ ఇంకెన్ని ఆసుపత్రుల్లో ఉంది?"

"వంద దాటి ఉంటాయి."

"వాళ్లందరికీ ఈ సంగతి చెప్పారా?"

"అడిగినవాళ్లకే చెప్పాలమ్మా. అడగనివాళ్లకి చెప్పే అనుమతి మాకు లేదు."

చూశారా ఆ మర్యాద! పిలవని ఇంటికి వెళ్లరు, అడగనిదే నోరు మెదపరు. నేను కూడా ఆ మర్యాదకి చేతులెత్తి మొక్కుదామనే అనుకున్నాను. కానీ ఒక్క సందేహం పీకుతోంది. తెరమీద అంత పచ్చగా సున్నా వెలుగుతుంటే, ఆ వంద ఆసుపత్రుల్లోనూ అడగాలని ఎవరికి తడుతుందండీ?