అరుదైన గుర్రానికి అయినింటి సంబంధం

ఆర్మూరు పసుపు వ్యాపారి గంగాదాస్ జంతుప్రేమికుడయ్యాడని పట్టణ ప్రజలకు సంతోషంతో తెలియజేయడమైనది. ఆ ఉదయం దాకా ఆయన తన దుకాణం ముందు మక్కల కుప్పలో మూతి పెట్టే పొట్టి గుర్రాన్ని కట్టెతో తరుముతూ ఉండేవాడు. గుర్రం శంకరమ్మది. అంకాపూర్ నుంచి మక్క కంకుల బస్తాలు దాని వీపున వేసుకొచ్చి, మార్కెట్ గేటు దగ్గర కాల్చి అమ్మేది ఆమె. ఆ పొద్దున పశువుల డాక్టరు జ్యోత్స్న కంకి కొనుక్కుంటూ గుర్రాన్ని చూసి, ఇది దక్కన్ పొట్టి గుర్రమనీ, ఎండకూ కరువుకూ తట్టుకునే మొండి జాతి అనీ, ఇప్పుడు వెతికినా దొరకడం లేదనీ చెప్పింది. గంగాదాస్ ఎత్తిన కట్టె గాల్లోనే ఆగింది. అంత అరుదైనది తన దుకాణం ముందే తిరగడం ఆయనకు దైవసంకల్పంగా తోచింది.

సాయంత్రానికల్లా సంరక్షణ సంఘం వెలిసింది. అధ్యక్ష పదవికి గంగాదాస్ పేరును గంగాదాసే ప్రతిపాదించగా సభ ఏకగ్రీవంగా చప్పట్లు కొట్టింది. గుర్రం ఇకపై బరువులు మోయరాదని తొలి తీర్మానం. శంకరమ్మ లాంటివాళ్లు అరుదు కారు కనుక బస్తా ఆమె నెత్తికెక్కింది.

చందాలతో ఏసీ షెడ్డు లేచింది. "గీ గుర్రం మన ఆత్మగౌరవం. దీనికి చెమట వడితే ఆర్మూరుకు చెమట వట్టినట్టే" అని అధ్యక్షులవారు ప్రారంభోత్సవంలో సెలవిచ్చారు. తలుపు తెరవగానే ఆత్మగౌరవానికి చల్లగాలి కొట్టింది. అది నాలుగడుగులు వెనక్కి వేసి, మళ్లీ ఆ గడప తొక్కలేదు. కరెంటు వృథా కారాదని సంఘం తన సమావేశాలను షెడ్డులోకి మార్చుకుంది. గుర్రాన్ని బయట స్తంభానికి కట్టి, జీడిపప్పు, బాదంపప్పు పెట్టారు. తరతరాల కరువుకు లొంగని జాతి కొద్దిరోజుల సంరక్షణకే బక్కచిక్కిపోయింది.

జ్యోత్స్న వచ్చి చూసింది. "గడ్డి పెట్టుర్రి, జర తిరగనియ్యుర్రి. మగ గుర్రాన్ని గూడ దేవులాడుర్రి. లేకుంటే దీనితోనే కత అయిపోతది" అంది.

ఆ మాటకు గంగాదాస్ నిజంగానే భయపడ్డాడు. గుర్రం పోతే అధ్యక్ష పదవి ఏం కావాలి? ఊళ్లు గాలించగా నవీపేట్‌లో కూలిపని చేసుకునే సాలోమోను దగ్గర అచ్చం అదే జాతి మగగుర్రం దొరికింది. అతను దాన్ని తోలుకొచ్చి అదే స్తంభానికి కట్టి, షెడ్డులోకి వచ్చి నిలబడ్డాడు.

సంఘం కార్యదర్శి ధర్మయ్య అతని పేరు రెండుసార్లు అడిగి గొంతు సవరించుకున్నాడు.

"నీ గుర్రం చర్చికి పోతదా?"

"లోపటికి నేను పోత సార్. అది బయట గడ్డి మేస్తది."

"ప్రార్థన ఇనవడుతదా దానికి?"

"మైకు వెడ్తరు సార్. ఊరంత ఇనవడుతది."

సభ్యులు ఆందోళనగా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ లెక్కన నవీపేట్ మొత్తం సంగతేమిటన్న చర్చ వాయిదా పడింది. పుట్టే పిల్ల ఎవరి ఇంటిపేరు మోయాలి, మగపెళ్లివారు సాలోమోను తరపా లేక నవీపేట్ మండలమా, ఇంతకన్నా మంచి ఇంటి గుర్రం దొరకదా అని వాదనలు సాగాయి. గుమ్మంలో బస్తా దించుకున్న శంకరమ్మ కాసేపు విని, "గుర్రాన్ని గుర్రానికియ్యకుంటే ఇంకెవలికిస్తరయ్యా?" అంది. సభా మర్యాద తెలియనందుకు ఆమెను మందలించారు.

చలి పుట్టి సభ్యులు బయటికొచ్చేసరికి స్తంభం దగ్గర కొరికిన తాళ్లు మిగిలాయి. గంగాదాస్ చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తాడు. మక్కచేను మధ్యలో రెండూ ఒకదాని మెడ మీద ఒకటి మెడ వేసి నిలబడి ఉన్నాయి. ఆయనకు తెలియకుండానే మొహం మీదికి నవ్వు వచ్చింది. వెనక సభ్యుల అలికిడి వినగానే అధ్యక్షుడినన్న సంగతి గుర్తొచ్చి, "గిది మన తీర్మానం ప్రకారం జరిగింది కాదు" అని గట్టిగా ప్రకటించాడు.

ఏడాది తిరిగేసరికి పిల్ల పుట్టింది. పుట్టిన గంటకే లేచి నిలబడి, ఫొటోకు ముందుకొచ్చిన అధ్యక్షులవారి ధోతి అంచు నమిలింది. ఆ ఫొటో కింద సంఘం సాధించిన ఘనవిజయమని పత్రికల్లో పడింది. మరునాడే పిల్ల తల్లి వైపుదా తండ్రి వైపుదా అన్న పేచీతో సంఘం రెండుగా చీలింది. ఒకదానికి గంగాదాస్, రెండోదానికి ధర్మయ్య అధ్యక్షులు. పిల్ల మాత్రం ఏ సమావేశానికీ హాజరు కాకుండా శంకరమ్మ వెంట అంకాపూర్ దాకా గంతులేసుకుంటూ పోయి వస్తోంది.

శంకరమ్మ, గంగాదాస్, ధర్మయ్య ఏ కులాలవారో ఈ కథలో ఎక్కడా చెప్పలేదు. ఇంతదాకా చదివి, అది ఎక్కడైనా ఉందేమోనని వెనక్కి వెళ్లి వెతికిన పాఠకులకు మూడో సంఘంలో సభ్యత్వం ఉచితం.