వీధి ఉండేదని దర్జీ పెట్టిన అర్జీ

ఒక వీధిని కూల్చడానికి ఒక పూట చాలు. అది ఒకప్పుడు ఉండేదని ఒప్పుకోవడానికి మాత్రం ఒక ప్రత్యేక విభాగం, ఇద్దరు గుమాస్తాలు, ఆరు పేజీల ఫారం కావాలి. నాగరికత అంటే ఇదే. (అనాగరికులు వీధులను ఊరికే గుర్తుపెట్టుకుంటారు.)

అలాంటి నాగరికత పురపాలక కార్యాలయం రెండో అంతస్తులో జ్ఞాపకాల విభాగమై వెలిసింది. దాని ముందు వరుసలో దర్జీ వరసగా మూడో సోమవారం నిలబడ్డాడు. పాత బజారు వెనక వీధిలో పాతికేళ్లు దర్జాగా బతికిన దర్జీ, ఇప్పుడు అర్జీ. ఇరవై ఏళ్ల కిందట ఆ వీధిని కొట్టేసి కార్లు నిలిపే స్థలం చేశారు. వీధిలో దీర్ఘం తీసేస్తే మిగిలేది విధి కదా. కొట్లు పోయినవాళ్లకు కొత్త భవనంలో 'త్వరలో' గదులిస్తామన్నారు. ఆ త్వరలో మొన్ననే వచ్చింది. వీధి ఉండేదని ధ్రువపత్రం తెచ్చినవాళ్లకే గది. ఇక మిగిలింది ఒకే గది, గడువు శుక్రవారం.

ఇంట్లో గడువూ శుక్రవారమే. ఈ ఇరవై ఏళ్లూ కుట్టు మిషను వంటింటి గుమ్మం పక్కనే ఉంది.

"ఏవండీ, రాత్రి కూరలో గుండీ వచ్చింది. ఉడకలేదేమో అని ఇంకాసేపు పొయ్యి మీద ఉంచాను కూడా," అంది భార్య ఆదివారం నాడు.

"రెండు కన్నాలదా, నాలుగు కన్నాలదా?" అన్నాడు దర్జీ, అది ఏ చొక్కాదో తేలుతుందన్న ఆశతో.

ఆమె గరిటె కింద పెట్టింది. "శుక్రవారం దాటితే ఈ వంటింట్లో ఆ మిషనైనా ఉండాలి, నేనైనా ఉండాలి. బాగా ఆలోచించుకోండి. అది వండదు."

అందుకే ఈ సోమవారం దర్జీ ఫారం కొట్టివేతలు లేకుండా నింపుకొచ్చాడు. ఒక్కొక్కరికి మూడు జ్ఞాపకాలకు మించి అనుమతి లేదు. వాటిలో సంతోషకరమైనది ఉంటే ఆధారం జతచేయాలి. మరచిపోయిన విషయాల పట్టిక విడిగా ఇవ్వాలి.

విభాగాధికారి ఫారం తిప్పి చూశాడు. "అంతా బాగుంది టైలరు గారూ. కానీ ఆ వీధి మా పటంలో లేదు."

"మీరే కూల్చారు కదండీ."

"కూల్చినట్టు ఫైలుంది. కాదనను. కూల్చినదేమిటి అన్న గడిలో 'పై పేజీలో చెప్పినది' అని ఉంది. పై పేజీ లేదు."

"పై పేజీ ఏమైందండీ?"

"అది ఆ పై పేజీలోనే రాసి ఉంటారు."

అంతలో గుమాస్తా ఆ పేజీ వెతకడానికి గోడవారన బీరువా జరిపాడు. దాని పొట్టి కాలి కింద ఎత్తు కోసం నాలుగు మడతలు పెట్టిన దళసరి కాగితమేదో ఉంది. విప్పితే ఫోటో. వీధిలో మొదటి దీపస్తంభం వెలిగించిన రోజు కార్యాలయంవారే తీయించినది. జనమంతా దీపం వైపు చూస్తున్నారు. ఫోటోగ్రాఫరు జనం వెనక నిలబడ్డాడు. కాబట్టి అందులో పడినవి ముప్పై రెండు వీపులు. దీపం పడలేదు.

"నాకు కావలసింది ఇదే సార్," అన్నాడు దర్జీ.

"నియమం పద్నాలుగు," అన్నాడు అధికారి. "ఫోటోలో ఉన్నవారిలో ఒకరు వచ్చి, 'ఇది నేనే, ఇది ఆ వీధే' అని సంతకం పెట్టాలి. ఇక్కడ ఒక్కరికీ ముఖం లేదు. ఏ ముఖం పెట్టుకుని సంతకం చేస్తారు?"

మనుషులకు ముఖాలుంటాయన్న పట్టింపు దర్జీకి ఏనాడూ లేదు. వెనక నిలబడి భుజాలు కొలిచిన వృత్తి అది. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోటోను ముక్కుకు ఆనించుకున్నాడు.

"ఇది మందుల కొట్టాయన. ఎడమ భుజం అరంగుళం కిందికి. పోయాడు పాపం. ఇది పాలాయన చొక్కా, లోపల ఉన్నది ఆయన బావమరిది. అడగడానికి లేదు, ఊరొదిలేశాడు, చొక్కాతో సహా. ఇదిగో, ఈ నిచ్చెన పట్టుకున్న కుర్రాడు..."

ఆగాడు. కళ్లజోడు కిందికి దించాడు.

"చారల ప్యాంటు. గుడ్డ చాలలేదు. కూర్చునే చోట మూడు మూలల అతుకు వేశాను. తొందరలో చారలు నిలువుగా పడాల్సింది అడ్డంగా పడ్డాయి. 'చొక్కా కప్పేస్తుంది బాబూ, ఎవరికీ కనపడదు' అని సర్దిచెప్పి పంపాను. నిచ్చెన పట్టుకోవడానికి చేతులెత్తాడు, చొక్కా లేచింది."

"ఎవరండీ అతను?" అన్నాడు గుమాస్తా.

"అప్పట్లో ఇక్కడే, ఈ ఆఫీసులోనే తాత్కాలిక గుమాస్తా."

అధికారి కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగి, కూర్చునే చోటును కుర్చీకి గట్టిగా అదిమాడు.

"మీరేనా," అన్నాడు. "ఆ అతుకు వల్ల నాలుగేళ్లు పెద్దసారు గదిలోంచి వెనక్కి నడుస్తూ బయటికి వచ్చాను. ఆయన దాన్ని వినయం అనుకున్నారు. వరసగా మూడు ప్రమోషన్లు."

"అయితే సంతకం పెట్టేస్తారా సార్?"

"అలా ఎలా? సాక్షిగా నేను నాకు అర్జీ పెట్టుకోవాలి."

మంగళవారం పెట్టుకున్నాడు. బుధవారం పక్షపాతం లేదని నిరూపించుకోవడానికి సిరా రంగు బాగోలేదని తిప్పికొట్టాడు. గురువారం తన గది బయట తానే కాసేపు నిలబడి, లోపలికి పిలిపించుకుని, వీపు తనదేనని ఒప్పుకున్నాడు. శుక్రవారం ఉదయానికి వీధికి ధ్రువపత్రం వచ్చింది. పటంలో వీధిని ఎర్రగీతతో గీశారు. ఆ గీత మీద దర్జీ కొట్టుకు తొమ్మిదో నంబరు కూడా పడింది.

దర్జీ మెట్లు రెండేసి దిగి, కింది అంతస్తులో గదులిచ్చే కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. అక్కడి ఉద్యోగిని పత్రం ఆసాంతం చదివి, ప్రేమగా వెనక్కి ఇచ్చింది.

"బాబాయ్ గారూ, గదులు చిరునామా పోయినవాళ్లకి. మీకు చిరునామా ఉందిగా. తొమ్మిదో నంబరు. పొద్దున్నే వచ్చింది."

"అక్కడ కార్లున్నాయమ్మా."

"మా పటంలో వీధి ఉంది. కార్లు లేవు."

దర్జీ కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే భార్య అడిగింది. "గది ఇచ్చారా?"

"గది ఇవ్వలేదు. కొట్టు ఇచ్చారు. పాతదే."

ఆమె కాగితం అందుకుని, ముద్ర వెలుతురుకు పెట్టి చూసింది. కొంగు బిగించి మిషనుకు ఒక పక్క చేయి వేసింది. "అటు పట్టుకోండి మరి. చీకటి పడక ముందే పెట్టేద్దాం."

కార్ల వరుసలో ఖాళీగా ఉన్న చోట మిషను దింపారు. దర్జీ స్టూలు వేసుకుని, దారం ఎక్కించాడు. కాపలా ఉద్యోగి పరుగెత్తుకొచ్చాడు.

"తాతా, ఇది పార్కింగు. ఏ బండి ఇది? చక్రాలెన్ని?"

"ఒకటి."

అతను గోడ మీది రుసుముల పలక చూశాడు. రెండు చక్రాలకు వరుస ఉంది, నాలుగింటికి ఉంది. ఒకదానికి లేదు. ఈలోగా దర్జీ భార్య ధ్రువపత్రం అతని చేతిలో పెట్టింది. అతను పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు. సంతకం, ముద్ర, ఎర్రగీత, తొమ్మిదో నంబరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"అమ్మా, ఇది వీధి అయితే," అన్నాడు మెల్లగా, "పన్నెండేళ్లుగా నేను పనిచేస్తున్నది ఎక్కడ?"

ఆ సంగతి తేల్చుకోకుండా జీతం ఇవ్వడం కుదరదని అతని శాఖవారు ఆ మరుసటి సోమవారం చెప్పారు. అతను రెండో అంతస్తుకు వెళ్లి, వరుసలో నిలబడి, ఆరు పేజీల ఫారం తీసుకున్నాడు. గుమాస్తా చాలా మర్యాదగా, పార్కింగుది పాత ఫోటో ఏదైనా ఉంటే జతచేయమన్నాడు.