ఎదురెదురు పేజీలు

నర్మద పోయిన రోజు ఆమె దిండు కింద ఒక నోటుబుక్కు దొరికింది. లింగమూర్తి తెరిచి, భార్య అక్షరాలు చూసి, మూసేశాడు. ఆమె ఫోటో అప్పటినుంచి బల్లమీదే ఉంది. ఏడాది తిరిగేసరికి ఆ రాతల్ని పుస్తకంగా వేసి, సంవత్సరీకం నాడు పంచాలనుకున్నాడు. కరీంనగర్ ప్రెస్సుకు బయలుదేరిన ఉదయం ఆయన జేబులో స్కేలు ఉంది. ముప్పై ఏళ్లుగా పిల్లలకు సౌష్ఠవం చెబుతున్న లెక్కల సారు మరి.

పేజీలు కూర్చే హర్షిణి కంప్యూటర్‌లో గళ్లు గీసి చూపింది. “గీ గ్రిడ్ల పెడితే రెండు పేజీలు అద్దంల చూసినట్టే ఉంటయి సార్. ఆఖర్ల ఎడమ దిక్కు మేడం ఫోటో, కుడి దిక్కు మీది.”

“నూలుపోగంత తేడా రావద్దు బిడ్డా.”

“మేడం పేజీల ఉన్నయన్నీ మీ పేజీల పెట్టాల్నా?”

“అన్నీ,” అన్నాడు, తెరకు స్కేలు ఆనించి.

ప్రూఫు వచ్చాక రెండు గంటలు అంచులు కొలిచాడు. ఒక్క వాక్యం చదవలేదు. చదవడం ఆయన వల్ల కాలేదు.

సంవత్సరీకం నాడు పొద్దున ఫోను కట్టేసి పూజలో కూర్చున్నాడు. పుస్తకాల కట్ట ప్రెస్సు నుంచే ఆయన పనిచేసే బడికి చేరింది. ఆఖరున ఎడమ పేజీలో ఫోటో, దండ, ‘స్వర్గీయ నర్మద.’ కుడి పేజీలో ఫోటో, అంతే దండ, ‘స్వర్గీయ లింగమూర్తి.’

“నిన్న నాతోని చాయ తాగిండు గద సార్!” అంది రమ టీచర్.

“అచ్చుల పడ్డదమ్మా. లింగమూర్తి సారు సరిచూడకుండ అచ్చేపిస్తడా?” అన్నాడు హెడ్మాస్టరు ప్రేమ్‌చంద్. ఫోను చేస్తే పలకలేదు. ఇక అనుమానమే లేదు. సంతాప సభకు పిల్లలను వరండాలో నిలబెట్టారు.

మధ్యాహ్నం లింగమూర్తి బడికి వచ్చాడు. గేటు దగ్గర అటెండరు బాలమల్లు చేతిలో పూలదండతో రెండడుగులు వెనక్కి వేశాడు.

“సారూ... మల్ల వచ్చిండ్రా?”

“లీవు పొద్దటి పూటకే గద.”

వరండాలో ప్రేమ్‌చంద్ గొంతు సవరించుకుని నర్మద పుస్తకం చదువుతున్నాడు. “‘మా సారు మేకు కొట్టేముందు గోడను మూడుసార్లు కొలుస్తడు. అయినా ఫోటో వంకరే. నేను సక్కగ చెయ్య. ఇంట్ల ఒక్కటన్న వంకర లేకుంటే నాకు ఊపిరాడదు.’”

వెనక ఎవరో గట్టిగా నవ్వారు. అందరూ తిరిగి చూశారు. లింగమూర్తి నవ్వుతున్నాడు. ఏడాదిలో అదే మొదటిసారి.

ప్రేమ్‌చంద్ చేతిలో పుస్తకం జారింది. “మీరు పోయిండ్రని గిండ్ల ఉన్నది సార్!”

లింగమూర్తి వంగి దాన్ని తీసి, ఆ రెండు పేజీలూ చూశాడు. “మార్జిన్లయితే సరిగ్గనే ఉన్నయి,” అన్నాడు. పుస్తకం మూసి, “గా పిల్ల తప్పు లేదు. అన్నీ అన్నది నేనే.”

సాయంత్రం హర్షిణి పంపిన సవరణ చీటీలను కుడి పేజీలో ‘స్వర్గీయ’ మీద అతికించాడు. కొలవలేదు. అన్నీ వంకరగా పడ్డాయి. తర్వాత పుస్తకం మొదటినుంచి చదివాడు.

నర్మద ఫోటో కోసం గోడను మూడుసార్లు కొలిచాడు. మేకు ఇంకా కొట్టలేదు.