జింబాబ్వే దినం

"ప్రపంచంలో ఎక్కడ ఏ జాతి సంకెళ్ళు తెంచుకున్నా, ఆ చప్పుడు దోహాలో ఉన్న మనకు వినపడి తీరాలి," అని వేణుగోపాలరావుగారు ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో వాటర్ ట్యాంకర్ మెట్టు మీద నిలబడి ప్రకటించారు. "కాబట్టి వచ్చే శుక్రవారం మన మెస్ హాల్లో జింబాబ్వే దినం జరుపుతున్నాం."

రావుగారు కంపెనీలో పీఆర్వో. అంతకంటే ముఖ్యంగా, దోహా తెలుగు విశ్వ సౌభ్రాతృత్వ సమితికి వ్యవస్థాపక అధ్యక్షులు. సమితిలో ఇంకెవరూ లేకపోవడం వల్ల ఇంతవరకు అభిప్రాయభేదాలు రాలేదు. చమురు ధర ఆకాశాన్నంటి, దోహాలో ఎటు చూసినా పునాదులే కనిపిస్తున్న 1981లో, అందరూ సంపాదన గురించి ఆలోచిస్తుంటే ఆయన ఒక్కరే ఆఫ్రికా గురించి ఆలోచించారు. పశుసంవర్ధక శాఖ మంత్రిగారు అల్ షహానియాలో ఒంటెల్ని పరిశీలించడానికి హైదరాబాదు నుంచి వస్తున్నారనీ, రావుగారికి పార్టీ టికెట్టు మీద మనసుందనీ గిట్టనివాళ్ళు అనేవారు. కాయలున్న చెట్టుకే రాళ్ళ దెబ్బలు.

జింబాబ్వే స్వతంత్ర దేశమైంది ఏప్రిల్ పద్దెనిమిదిన. ఆ ఏడు అది శనివారం పడింది. శనివారం క్యాంపంతా డ్యూటీకి పోతుంది, జనం దొరకరు. అందుకని రావుగారు ఆ దేశపు స్వాతంత్ర్యాన్ని ఒకరోజు ముందుకు జరిపారు.

ట్యాంకర్ పక్కన నిలబడ్డ లస్మయ్య చెవిన మాత్రం ఒక్క మాటే పడింది. దినం.

లస్మయ్య అక్క ఎల్లవ్వ భర్త మల్లన్న. బావ, బావమరిది ఇద్దరిదీ ఒకే క్యాంపు, ఒకే సైటు. ఆ మంగళవారమే మల్లన్న పరంజా మీంచి పడి ప్రాణం వదిలాడు. కంపెనీ శవాన్ని పెట్టెలో పెట్టి ఊరికి పంపింది. పెట్టె వెంట తనూ పోతానని లస్మయ్య కాళ్ళావేళ్ళా పడ్డా పాస్‌పోర్టు చేతికివ్వలేదు. పోనీ పదకొండో నాటి దినమైనా మెస్ హాల్లో చేసుకుంటామంటే, రావుగారే స్వయంగా, ఎంతో ముందుచూపుతో కాదన్నారు. "చావులకు హాలిస్తే రేపు పెళ్ళిళ్ళకీ అడుగుతారు."

అంతటి మనిషి ఇప్పుడు తానే దినం చేస్తానంటున్నాడు. లస్మయ్యకు నమ్మబుద్ధి కాలేదు. వాళ్ళ ఊళ్ళో దినం చేసేది పోయినవాళ్ళకే. బతికున్నవాళ్ళకు ఎవరూ చెయ్యరు.

"ఎవలది సార్ దినం?" అన్నాడు.

"జింబాబ్వేదయ్యా. ఎన్ని కష్టాలు, ఎంత యాతన. ఆఖరికి విముక్తి," అని రావుగారు కారెక్కారు.

క్యాంపు వంటమనిషి ముజఫ్ఫర్ అలీది హైదరాబాదు. లోకజ్ఞానం ఉన్నవాడు. లస్మయ్య పోయి అడిగితే ఉల్లిగడ్డలు కోస్తూనే విడమర్చి చెప్పాడు.

"ఆఫీసోళ్ళు మనోళ్ళ పేర్లు ఏనాడన్న సక్కగ పలికిన్రా భాయ్? మల్లన్నను టైమ్‌కీపర్ మలానా మలానా అంటుండె. ఈయన జింబాబ్వే అన్నడు. మనిషి మంచోడే, జబాన్ తిరగదు, అంతే."

"శుక్రారం పదకొండొద్దులే పడుతది అలీభాయ్. లెక్క సూసే పెట్టిండు."

"మరి? పెద్దోళ్ళకు అన్నీ యాదుంటయ్."

మర్నాడు లస్మయ్య దండం పెట్టడానికి ఆఫీసుకు పోయాడు. రావుగారు పెద్ద ఇబ్బందిలో ఉన్నారు. గోడ ఖాళీగా ఉంటే పత్రికలో ఫొటో బాగుండదు. జింబాబ్వే తరఫున ఎవరిదో ఒకరి పటం కావాలి.

"పటం నా తాన ఉన్నది సార్," అన్నాడు లస్మయ్య. "రఫీక్ స్టూడియోల పెద్దగ చేయించిన."

"కోటుందా?"

"కోటు, టై రెండున్నయ్ సార్." పాస్‌పోర్టు కోసం జగిత్యాల స్టూడియోవాడు అందరికీ తొడిగే కోటే మల్లన్నకూ తొడిగాడు.

"భేష్. నాయకుడంటే కోటుండాలి. మరి భోజనాలు?"

"యాటకూర సార్. దినమంటే గదే పద్ధతి."

ఆఫ్రికా ఆచారాలు కూలీలకు కూడా తెలిసిపోయినందుకు రావుగారు మురిసిపోయి, మాంసం ఖర్చు సమితి పేర రాయించారు.

శుక్రవారం హాలు నిండిపోయింది. ఎవరూ చెప్పకుండానే జనం చెప్పులు విడిచి కూర్చున్నారు. ఇంత క్రమశిక్షణ తమ పార్టీలో కూడా లేదని మంత్రిగారు మెచ్చుకున్నారు. బయట గోడ దగ్గర లస్మయ్య విస్తరిలో అన్నం, కూర పెట్టి పక్షుల కోసం కాచుకున్నాడు. కాకి రాలేదు. బావ అలిగాడేమోనని అతని ప్రాణం ఉసూరుమంది. అంతలో రెండు పావురాలు వాలి మెతుకులు ముట్టాయి. లస్మయ్య గుండె మీది బరువు దిగింది.

"శాంతి కపోతాలు సార్," అని రావుగారు మంత్రిగారి చెవిలో చెప్పారు. "మనమే ఏర్పాటు చేశాం."

తరవాత రావుగారు ఆ దేశ చరిత్రలోని ముఖ్యమైన రోజులు మూడు చదివారు. అరవై అయిదు నవంబరు పదకొండు, గుప్పెడు మంది తెల్లవాళ్ళు దేశం తమదేనని ప్రకటించుకున్న రోజు. డెబ్బై తొమ్మిది డిసెంబరు ఇరవై ఒకటి, లండన్‌లో ఒప్పందం మీద సంతకాలైన రోజు. ఎనభై ఏప్రిల్ పద్దెనిమిది, అసలు స్వాతంత్ర్యం వచ్చిన రోజు. జనం తలలూపారు. మూడొద్దులు, ఐదొద్దులు, పదకొండొద్దులు. దినాలు మూడే, లెక్క సరిపోయింది.

మంత్రిగారు లేచి పటానికి దండ వేశారు. "వీరు..." అంటూ రావుగారి వైపు చూశారు.

"జింబాబ్వే సార్."

"జింబాబ్వేగారు నాకు వ్యక్తిగతంగా తెలుసు," అన్నారు మంత్రిగారు. "హైదరాబాదు వచ్చినప్పుడు మా ఇంట్లోనే భోంచేశారు. వారి త్యాగం వృథా పోదు. వారి కుటుంబానికి మా ప్రభుత్వం అండగా ఉంటుంది."

పదకొండు రోజులుగా ఒక్క పెద్దమనిషి నోటి నుంచీ రాని మాట అది. లస్మయ్య ఆపుకోలేకపోయాడు. "బావా," అని పటం ముందు కూలబడి ఏడ్చాడు. హాలంతా ఏడ్చింది. మంత్రిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

'ఆఫ్రికా నేతను బావా అని పిలిచిన తెలుగు కార్మికుడు' అని పత్రికలో ఫొటోతో సహా వచ్చింది. రావుగారు ఆ పటాన్ని తన గదిలో కుర్చీ వెనక తగిలించి, రోజూ అగరొత్తి వెలిగించే ఏర్పాటు చేశారు. తరవాత లస్మయ్యను పిలిపించారు.

"మంత్రిగారు నీ పేరు అడిగి మరీ తెలుసుకున్నారు. సమితి పరువు నిలబెట్టావు. ఏం కావాలో అడుగు."

లస్మయ్య పటం వైపు ఒకసారి చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. "ఒక్కపారి ఊరికి పోయొస్త సార్. అక్క ఒక్కతే ఉన్నది. మా మల్లన్న నెల మాసికం దగ్గరికొచ్చింది."

రావుగారు లేచారు. పటం మీద కాస్త పక్కకు జారిన దండను సరిచేశారు. అద్దం మీది దుమ్మును జేబురుమాలుతో భక్తిగా తుడిచి, ఆ ముఖంలోకి ఒక్క నిమిషం చూశారు. తరవాత లస్మయ్య వైపు తిరిగారు.

"మల్లన్నా? ఏ సైటులో పనిచేస్తాడయ్యా?"