పదకొండు గుణాలు, నాలుగు లోపాలు

విశ్వంలోని ప్రతి వస్తువులోనూ గుణాలూ లోపాలూ సరిసమానంగా ఉంటాయి. ఇది ఏ మహర్షో తపస్సు చేసి కనిపెట్టిన సత్యం కాదు; వీడియో ఆటల గుణదోష నిర్ణయ మండలి నియమావళి, పదిహేడో పేజీ, రెండో పేరా. విశ్వం ఎప్పుడైనా ఇందుకు భిన్నంగా ప్రవర్తిస్తే, సరిచేసుకోవలసిన బాధ్యత విశ్వానిదే.

నియమం ఊరికే పుట్టలేదు. పూర్వం ఒక పరిశీలకుడు ఒక ఆటకు అన్నీ గుణాలే రాశాడు. ఆట చేసినవాళ్లతో లాలూచీ పడ్డాడని విచారణ జరిగింది. మరొకడు అన్నీ లోపాలే రాశాడు. వాళ్ల మీద కక్ష గట్టాడని విచారణ జరిగింది. మూడో ఆయన ఏమీ రాయలేదు, ఆయనకు పదోన్నతి వచ్చింది. ఈ అనుభవాల సారమంతా పిండి మండలి ఒక పట్టిక తయారుచేసింది. ఎడమవైపు గుణాలు, కుడివైపు లోపాలు. రెండువైపులా అంకె సమానమైతేనే కంప్యూటర్ నివేదికను తీసుకుంటుంది. లేకపోతే తెర మీద ఎర్రగా ‘అసమతుల్యత’ అని వస్తుంది. కింద ‘సరే’ అనే మీట ఒక్కటే ఉంటుంది. (‘సరికాదు’ అనే మీట కోసం ప్రతిపాదన వెళ్లి ఆరేళ్లయింది.)

ఈ పట్టికకు తగిన మనిషి కోసం వెతికి వెతికి, మండలి తూనికలు కొలతల శాఖ నుంచి ఒకాయనను తెచ్చుకుంది. ఇరవై ఆరేళ్లు దుకాణాల్లో తక్కెడలు పరీక్షించిన మనిషి. ఎవరేమడిగినా తల ముందు ఎడమకు, తర్వాత కుడికి వంచి, నడిమధ్యన నిలిపి జవాబు చెప్పేవారు. ఆఫీసంతా ఆయనను తక్కెడగారు అనే పిలిచేది. వీడియో ఆటల గురించి ఆయనకు బొత్తిగా ఏమీ తెలియదు. నిష్పక్షపాతానికి అంతకు మించిన అర్హత ఏముంటుందని నియామకపు ఉత్తర్వులోనే రాశారు.

ఆయన బల్ల మీదికి వచ్చిన నూట మూడో ఆట పేరు ‘తొమ్మిదో తలుపు’. పాడైపోయి అంతరిక్షంలో తేలుతున్న ఒక ఓడ. ఆ ఓడ నడిపే అక్క. ఓడకు ఆ చివర, తొమ్మిదో తలుపు వెనక చిక్కుకుపోయిన ఆమె తమ్ముడు. చేతిలో కాంతి తుపాకీతో, దారి పొడుగునా మీదికి ఎగబడే ఇనప సాలీళ్లను కాల్చుకుంటూ అక్క ఒక్కో తలుపూ దాటాలి. అంతే కథ.

ఆటలో పరిశీలకుడు చచ్చిపోయిన ప్రతిసారీ మరణ వివరణ పత్రం నింపాలి: స్థలం, కారణం, జాగ్రత్త పడి ఉంటే తప్పేదా, ఇద్దరు సాక్షుల సంతకాలు. మొదటి రోజు తక్కెడగారు మొదటి తలుపు దగ్గరే ఆరుసార్లు పోయారు. సాక్షి సంతకాలకు టపా విభాగంలోని గుమాస్తాలిద్దరూ పరుగులు పెట్టి, సాయంత్రానికి ఖాళీ పత్రాల మీదే సంతకాలు చేసి ఒక కట్ట ఆయన బల్ల మీద పడేశారు. (పందొమ్మిది పనిదినాల్లో విధి నిర్వహణలో నలభై ఒక్కసార్లు మరణించినా ఆయనకు పూట సెలవైనా దొరకలేదు.)

మొదట్లో పనే అనుకున్నారు. నాలుగో తలుపు దగ్గరికి వచ్చేసరికి టీ చల్లారిపోవడం మొదలైంది. సాలీళ్ల కాళ్ల చప్పుడు ఎదురుగా కాక వెనక నుంచి వినబడేది; ఉలిక్కిపడి తిరిగి చూస్తే అక్కడ ఆఫీసు బీరువా ఉండేది. తుపాకీని ఎడాపెడా కాలిస్తే వేడెక్కి మొరాయించేది, కాస్త ఓపిక పడితే మాట వినేది. ఇక బరువే ఉండని గదులు! మనుషులూ పెట్టెలూ రాలిన మేకులూ అన్నీ ఒకే ఎత్తులో నెమ్మదిగా తేలుతుండేవి. ఇరవై ఆరేళ్లు తూకపురాళ్లతో గడిపిన మనిషికి అది చూస్తే ఏమనిపిస్తుందో రాయడానికి పట్టికలో జాగా లేదు. ‘గుణం 6: బరువు లేదు’ అని రాసి ఊరుకున్నారు.

లోపాలు లేకపోలేదు. ఓడ పటంలో అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. మూడో తలుపు దాటాక లిఫ్టు అప్పుడప్పుడు గోడలో ఇరుక్కుపోతుంది. రాణి సాలీడు కిటుకు ఒక్కసారి తెలిస్తే కళ్లు మూసుకుని చంపేయొచ్చు. నాలుగోది మరీ ఘోరం. రెండు నిమిషాలకోసారి వైర్‌లెస్‌లో తమ్ముడి గొంతు వినబడుతుంది: “అక్కా, ఇంకెంతసేపు?” ఎక్కడ ఏ ప్రాణగండంలో ఉన్నా అదే మాట, అదే గొంతు. ఇంట్లో భార్య స్నానాల గది తలుపు తట్టి “ఇంకెంతసేపండీ?” అంటే తక్కెడగారి చేయి తుపాకీ కోసం తడుముకునే దాకా వచ్చింది.

పందొమ్మిదో రోజు తొమ్మిదో తలుపు తెరుచుకుంది. తమ్ముడు బయటికి వచ్చి, ఏమీ అనకుండా అక్క భుజం మీద తల వాల్చాడు. వైర్‌లెస్ మూగబోయింది. అన్ని రోజులూ విసిగించిన గొంతు ఆగిపోయాక వచ్చిన ఆ నిశ్శబ్దంలో, బీరువా పక్కన కూర్చుని, తక్కెడగారు వెక్కివెక్కి ఏడ్చారు. చిన్నప్పటి తర్వాత ఏ పనిలోనూ ఆయనకు అంత సంతోషం కలగలేదు. (ఆఫీసు వేళల్లో కన్నీళ్లకు నమూనా పత్రం లేనందున ఈ సంఘటన జరగలేదు.)

కళ్లు తుడుచుకుని లెక్క చూశారు. గుణాలు పదకొండు, లోపాలు నాలుగు. కంప్యూటర్ ఎర్రబడింది. ఆయన ‘సరే’ నొక్కి సూపరింటెండెంట్ మేడమ్ దగ్గరికి వెళ్లారు.

“గుణాల్లో ఓ ఏడు కొట్టేయనా మేడమ్?”

“అమ్మో! గుణం కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో ఒక్కోదానికీ సంజాయిషీ రాయాలండీ. లోపమైతే ఎవరూ అడగరు. ఇంకో ఏడు వెతకండి.”

“వెతికానండీ. లేవు.”

“లేకపోవడమేంటి? ఆట చేసినవాళ్లని పిలిచి అడగండి. వాళ్ల ఆట, వాళ్ల లోపాలు. మనమెక్కణ్నుంచి తెస్తాం?”

ఆట చేసిన అమ్మాయిని ప్రత్యేకంగా పిలిపించనక్కరలేకపోయింది. ఆట విడుదలకు మండలి అనుమతి కోసం నాలుగేళ్లుగా ఆమె వరండా బెంచీ మీదే ఉంది. బెంచీకి ఎడమ చివర రంగు పోయి నున్నబడింది కూడా.

“ఏడు లోపాలు తక్కువయ్యాయమ్మా” అన్నారు తక్కెడగారు.

“తీసేయమంటారా సార్?”

“పెట్టమంటున్నాను.”

అమ్మాయి కాసేపు ఆయన మొహంలోకి చూసింది. అక్కడ నవ్వేమీ కనబడలేదు. “ఎప్పట్లోగా సార్?”

“నెలాఖరు. ఐదు గంటలు దాటితే దరఖాస్తు మురిగిపోతుంది. మళ్లీ మొదటి నుంచి.”

“మళ్లీనా...” అంది అమ్మాయి. “ఆటలో తమ్ముడి గొంతు ఉంది కదా సార్, అది మా తమ్ముడిదే. ఇద్దరం కలిసే మొదలుపెట్టాం. మూడేళ్లు చూసి చూసి వాడు వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరిపోయాడు. అనుమతి వస్తే వచ్చేస్తానన్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట అడుగుతాడు.”

ఏ మాటో తక్కెడగారు అడగలేదు. తాను ఏడ్చిన సంగతి ఆమెకు చెప్పాలని మాత్రం చాలా అనిపించింది. దరఖాస్తుదారును పొగడడం తొమ్మిదో నియమానికి విరుద్ధం గనుక, “మంచి లోపాలు చూసి పెట్టమ్మా” అన్నారు.

ఆమె లోపాల కోసం దూరం పోలేదు. నాలుగేళ్లు ఆ బెంచీ మీద కూర్చున్న మనిషి. వారం తిరిగేసరికి ఐదో తలుపు దగ్గర టోకెన్ తీసుకుని నిలబడే వరస వచ్చింది. ముందు ముప్పై ఎనిమిది మంది వ్యోమగాములు. ఆరో తలుపుకు రెండు ఫోటోలు కావాలి, ఏడో తలుపుకు అవే ఫోటోలు వేరే సైజులో. సాలీడు గొంతు పట్టుకున్నప్పుడు తెర మీద ఒక పత్రం వచ్చి, పట్టుకున్నది సాలీడేనని ధ్రువీకరించమంటుంది. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా సాలీళ్లకు భోజన విరామం. అప్పుడు అవి చంపవు, చావవు. మిగతావీ ఈ కోవవే.

నెలాఖరు రోజున ముగ్గురు సభ్యుల కమిటీ ఆ ఆట ఆడింది. ఐదో తలుపు దగ్గర వరసలో గంటసేపు నిలబడ్డ పెద్ద సభ్యుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“అద్భుతం! నాకు నిజంగా కాళ్లు లాగాయి. ఇది లోపమని ఎవరండీ అన్నది? వాస్తవికత. గుణాల్లో రాయండి.”

ఏడింటినీ గుణాల్లోనే రాశారు. ఇప్పుడు ఎడమవైపు పద్దెనిమిది, కుడివైపు నాలుగు. గోడ గడియారం నాలుగూ ఇరవై.

సూపరింటెండెంట్ మేడమ్ నిబ్బరం గల మనిషి. ఒక ఉపనియమం తీసి చదివారు: వాస్తవానికి పూర్తిగా విరుద్ధమైనది ఏదైనా ఆటలో ఉంటే దాన్ని మహాలోపంగా నమోదు చేయవచ్చు, ఒక మహాలోపం పద్నాలుగు లోపాలతో సమానం. పద్నాలుగే ఎందుకో ఎవరూ అడగలేదు, సరిపోతోంది కదా.

“అయితే తెలుస్తూనే ఉంది” అన్నాడు పెద్ద సభ్యుడు. “చివర్లో తలుపు తెరుచుకుంటుంది చూశారూ, అదీ! అడిగిన మనిషికి అడిగింది అప్పటికప్పుడు చేతికి వచ్చేస్తుంది. ఎవరైనా నమ్ముతారా?”

రాయవలసింది తక్కెడగారే. తల ఎడమకు వంచారు, కుడికి వంచారు. అది మధ్యలో నిలవలేదు. మహాలోపమని రాస్తే దాన్ని సరిచేయక తప్పదు, ఆటలో తనకు ప్రాణప్రదమైనది పోతుంది. రాయకపోతే ఆ అమ్మాయి నాలుగేళ్లు పోతాయి. నాలుగూ యాభై ఎనిమిదికి, ‘మహాలోపం: తలుపు తెరుచుకొనుట’ అని రాసి సంతకం చేశారు. కంప్యూటర్ పచ్చబడింది. ఆయనకు తన చేయి మీద అసహ్యం వేసింది.

అనుమతి పత్రం కింద చిన్న అక్షరాల్లో షరతు ఉంది: మహాలోపాన్ని విడుదలకు ముందే సరిచేయాలి. అమ్మాయి రెండుసార్లు చదువుకుంది.

“నేనీ ఆట చేసింది దాని కోసమే సార్.”

“తెలుసమ్మా.”

“సరే సార్” అంది, కంప్యూటర్‌లాగే.

పది రోజుల తర్వాత సరిచేసిన ప్రతి వచ్చింది. “మీ తమ్ముడు వచ్చాడా అమ్మా?” అని అడిగారు తక్కెడగారు.

“రాజీనామా ఇచ్చాడు సార్. ఆమోదించాల్సినాయన దొరకడం లేదట.”

ఆమె వరండాలో తన బెంచీ మీదికి వెళ్లిపోయింది. తక్కెడగారు తలుపు వేసుకుని ఆడారు. ఇప్పుడు ఆయన చేయి తిరిగిన మనిషి. ఒక్కసారి కూడా చావకుండా, వరసలో నిలబడి, ఫోటోలు ఇచ్చి, భోజన విరామాలు గౌరవించి తొమ్మిదో తలుపు చేరారు. తలుపు మూసి ఉంది. దాని మీద ఒక బోర్డు: ‘సంబంధిత అధికారి సీట్లో లేరు. రేపు రండి.’ లోపలి నుంచి గొంతు వినబడుతూనే ఉంది: “అక్కా, ఇంకెంతసేపు?”

ఆయన పత్రంలో ‘సరిచేయబడినది’ అన్న చోట టిక్కు పెట్టి, తేదీ వేసి, బోర్డు మరోసారి చదివారు. ఆ సమయంలో తక్కెడగారు సీట్లోనే ఉన్నారు.