తొమ్మిది కేజీల శబ్దం

శబ్దాన్ని కిలోల్లో తూచే పద్ధతి ప్రపంచంలో మొట్టమొదట అమల్లోకి వచ్చింది ఆళ్లగడ్డలో. రెండువేల మూడో సంవత్సరం, శనగల సీజను ముగిసిన వారం. ఇంతటి ఘనకార్యం ఏ పాఠ్యపుస్తకంలోకీ ఎక్కకపోవడం మన దౌర్భాగ్యం, ఇంకేమనాలి!

ఈ పద్ధతికి ఆద్యులు శనగల వ్యాపారి కేశవులు శెట్టిగారు. ఆయన హోం థియేటరుకని హైదరాబాదు నుంచి నిలువెత్తు స్పీకర్ల జత తెప్పించారు. పాతవి బాగానే పలుకుతున్నాయి కదా అని అడక్కండి. బాగున్నదాన్ని మార్చడాన్నే అభివృద్ధి అంటారు. లారీ దిగిన స్పీకర్లు తిన్నగా హాల్లోకి పోలేదు. అంగట్లోకి ఏది వచ్చినా పోయే చోటికే, అంటే కాటా మీదికి పోయాయి. జత అరవై రెండు కేజీలు తూగింది. శెట్టిగారు ఆ అంకెను సుద్దముక్కతో స్పీకరు వీపున రాసి, తృప్తిపడి, లోపలికి పంపారు.

తీరా చూస్తే కొత్త స్పీకర్లకు పాత యాంప్లిఫయరు చాల్లేదు. అరగంట పాడి, వేడెక్కి, నోరు మూసుకునేది. అందుకని నంద్యాలలో ఉన్న గురవయ్యకు కబురు పోయింది.

గురవయ్యది బస్టాండు దారిలో రేడియో రిపేరు అంగడి. ఇరవై రెండేళ్ళ అనుభవం. మంచివాడే కానీ ఒక చెడ్డ అలవాటుంది: తెలిసిన పనిని తెలిసినట్టే చేస్తాడు. స్పీకరు ఎంత కరెంటు తాగుతుంది, యాంప్లిఫయరు ఎంత పోయగలదు, గది ఎంత పెద్దది, ఈ మూడూ చూసుకొని గానీ జత కలపడు. శెట్టిగారి స్పీకర్ల వెనక అంటించిన కాగితం చదివాడు. హాలును అడుగులేసి కొలిచాడు. లెక్క కుదిరాక, యాంప్లిఫయరు కూడా లోపలే ఇమిడి ఉండే రిసీవరు ఒకటి మద్రాసు నుంచి తెప్పించాడు. దాన్ని బస్సులో చంటిబిడ్డ మాదిరి ఒళ్ళో పెట్టుకొని, శిరివెళ్ల దారి గుంతల దెబ్బలన్నీ తన నడుముకే తగిలించుకొని, ఆళ్లగడ్డ చేర్చాడు.

బిగించి, మీట నొక్కాడు. అబ్బ, ఏం పలికిందని! సినిమాలో వాన మొదలైంది. అంతే, శెట్టిగారి భార్య లక్ష్మీనరసమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి, మిద్దె మీద వడియాలు తడుస్తాయని మెట్లెక్కింది. పైన ఎండ మాడ్చేస్తుంటే తనను తానే తిట్టుకుంటూ దిగొచ్చింది.

"ఇన్నాళ్ళు అరుపులే ఇనపడ్తాండె. ఇప్పుడు మాటలు తెలుస్తాండాయి నాయనా," అని గురవయ్యకు కాఫీ ఇచ్చింది. ఆవిడ అభిప్రాయం రికార్డుల్లోకి ఎక్కలేదు.

శెట్టిగారి ముఖంలో మాత్రం కళ లేదు. "వంటింట్లో డబ్బాలు కదల్లేదు గదప్పా," అన్నారు. ఆ వెంటనే రిసీవరును ఊడదీయించి కాటాకెక్కించారు. తొమ్మిది కేజీల రెండు వందల గ్రాములు.

"ఏందప్పా గురవయ్యా ఇది? తొమ్మిది కేజీలది అరవై రెండు కేజీలను యాడ లాగుతాది?"

"అన్నా, లాగేది బరువును కాదు. కరెంటు సరిపోతే చాలు. తూకంతో పనేముండాది?"

"తూకంతో పనిలేని యాపారం నేను యాడా సూడలా," అన్నారు శెట్టిగారు. రిసీవరు మళ్ళీ బస్సెక్కింది.

రిసీవరు ఒక్కటే తిరిగొస్తే ఇబ్బంది లేకపోయేది. దానికంటే ముందు ఒక మాట నంద్యాలకు చేరింది: గురవయ్య తూకం తక్కువేస్తాడు. వ్యాపారస్తుల ఊళ్ళో మనిషిని తాగుబోతు అనండి, తిరుగుబోతు అనండి, నవ్వి ఊరుకుంటారు. ఈ మాట పడినవాడు మాత్రం లేవడు. ఇరవై రెండేళ్ళుగా ఎదురుపడితే పలకరించేవాళ్ళు అంగడి ముందర తల తిప్పుకొని పోసాగారు. ఆయన భార్య మణెమ్మ బజారుకు పోతే వంకాయలమ్మే ఆమె, "మీ ఇంటాయన మాదిరి తక్కువెయ్యనులేక్కా," అని రెండు కాయలు ఎక్కువేసింది. మణెమ్మ ఆ రెండు కాయలనూ తెచ్చి మొగుడి ముందర పడేసి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పూట గురవయ్యకు ముద్ద దిగలేదు. అంగడి పోతే పోయింది, ఈ మాట మాత్రం పోవాలి అనుకున్నాడు.

ఇదే అదనుగా శేఖర్ అనే ఉత్సాహవంతుడు నంద్యాలలో షోరూము తెరిచాడు. వాకిట్లోనే కాటా. పద్దెనిమిది కేజీల యాంప్లిఫయరు, ఇరవై నాలుగు కేజీల యాంప్లిఫయరు, ఎవరి హోదాకు తగ్గది వాళ్ళకు. అట్టపెట్టె మీద ఇరవై వేల వాట్లని రాసుంటుంది. ఇంటి మీటరుకు వచ్చే కరెంటు అందులో పావువంతు కూడా ఉండదు కదా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పాణ్యం డాక్టరుగారు కొన్నారు. కొలిమిగుండ్ల గనుల యజమాని కొన్నారు. పెళ్ళిళ్ళలో చుట్టాలు కలిస్తే పిల్లల చదువుల సంగతి మానేసి, "మీదెన్ని కేజీలు?" అని అడగడం మర్యాదైంది. కేశవులు శెట్టిగారు ఇరవై నాలుగు కేజీలది బిగించుకున్నారు. వంటింట్లో డబ్బాలు కదలడమే కాదు, ఆవాల డబ్బా కింద పడి పగిలింది కూడా. ఇల్లంతా సంబరం. లక్ష్మీనరసమ్మ రెండు చెవుల్లో దూది పెట్టుకొని ఆవాలు ఏరుకుంది.

ఇంత జరిగాక సంఘం లేకపోతే బాగుండదు. గృహ శబ్ద వినియోగదారుల సంఘం వెలిసింది, శెట్టిగారు అధ్యక్షులయ్యారు. ప్రారంభోపన్యాసంలో ఆయన, "సోదరులారా! మనల్ని ఇక ఎవరూ మోసం చేయలేరు. చేతిలో కాటా ఉన్నంత వరకూ మనకు చెవులతో పనిలేదు!" అని సెలవిచ్చారు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

నాలుగు నెలలకు పాణ్యం డాక్టరుగారి యాంప్లిఫయరు మూగబోయి, గోనెసంచి కప్పుకొని, గురవయ్య అంగడికి చాటుగా వచ్చింది. మూత విప్పితే లోపల అరచేయంత బోర్డు. మిగతా జాగా అంతా నల్లరాయి! నాలుగు బోల్టులతో బిగించి ఉంది. పోనీ ఏదో మొద్దురాయా అంటే కాదు. అంచులు నున్నగా తీర్చి, ముఖం కనబడేలా మెరుగుపెట్టి ఉంది. ఆ పనితనం ఎవరిదో గురవయ్య గుర్తుపట్టాడు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే సంజీవయ్య దగ్గరికి పోయాడు.

సంజీవయ్య ఉలి ఆపలేదు. "దేవుళ్ళ ఆర్డర్లు ఏడాదికి నాలుగు వస్తాండాయి. ఇట్లాంటివి నెలకు నలభై. ఏం జెయ్యమంటావ్?"

"పెట్టె లోపలుండేదానికి ఇంత నునుపెందుకన్నా?"

"గలీజు పని నాకు చాతకాదప్పా."

ఆలోచిస్తే ఆ పెట్టెలో నాణ్యమైన భాగం అదొక్కటే.

డాక్టరుగారిని బతిమాలి, గురవయ్య ఆ పెట్టెను సంఘం సమావేశానికి మోసుకుపోయాడు. అందరి ముందూ మూత తీశాడు. బోల్టులు విప్పి రాయిని బల్ల మీద పెట్టాడు.

"ఇదన్నా మీ కేజీలు! రాయి! ఇప్పుడు చెప్పండి, తక్కువేసేది ఎవరు? నేనా?" అన్నాడు.

శెట్టిగారు లేచి కాటా తెప్పించారు. రాయి పన్నెండు కేజీలు. మిగతా పెట్టె ఆరు. రెండుసార్లు తూచి, గట్టిగా ఊపిరి వదిలారు.

"పద్దెనిమిది అన్నాడు, పద్దెనిమిది ఉండాది. మోసం యాడుందప్పా ఇందులో?" అంటూ రాయిని ప్రేమగా నిమిరారు. "పైగా మన ఊరి రాయి. నువ్విచ్చినదాంట్లో ఏముండె గురవయ్యా? గాలి!"

సభకు ప్రాణం లేచొచ్చింది. అంతలో నందికొట్కూరు సభ్యుడొకాయన లేచి, "మా ఊర్లో అమ్మేటివాటిలో నల్లరాయి బదులు నాపరాయి పెడ్తే మాకెట్ల తెలుస్తాది?" అని అడిగాడు. అందరి గుండెల్లో రాయి పడింది. పెట్టెలు విప్పి పరీక్షించే నిపుణుడు కావాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. విరగ్గొట్టకుండా విప్పడం చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోనూ ఒక్కడికే తెలుసు. గురవయ్యకు శాలువా కప్పారు. పడిన మచ్చ అక్కడికక్కడే తుడిచేస్తున్నామని శెట్టిగారు మైకులో ప్రకటించారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మణెమ్మ దేవుడి పటానికి దండం పెట్టుకుంది. గురవయ్యకూ ఏడుపొచ్చింది. సంతోషంతోనే అని ఆయన ఇప్పటికీ చెబుతుంటాడు.

ఇప్పుడు అంగట్లో ఖాళీ లేదు. పెట్టె విప్పుతాడు, రాయిని తట్టి చూస్తాడు, తూచి, చీటీ మీద సంతకం పెడతాడు. మొదట్లో ఒకసారి మాత్రం పాత బుద్ధి పోనిచ్చుకోలేక, ఒక యాంప్లిఫయరుకు తీగలు తగిలించి పాట పెట్టబోయాడు. తెచ్చినాయన ఉలిక్కిపడి చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దన్నా, నీకు పుణ్యముంటాది! బాగలేదంటే మాకు తెలిసిపోతాది!"

గురవయ్య తీగలు పీకేసి, సంతకం పెట్టిచ్చాడు.