నలభై రోజులు దిగని ఛార్జింగు

ఆ రోజు బస్వరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే తలకు పోసుకోవాలి, తెల్ల చొక్కా తొడుక్కోవాలి, పదకొండింటికి దవాఖాన హాల్లో స్టేజీ ఎక్కి "నేను బీడీ బంద్ చేసిన, మీరు గూడ చెయ్యున్రి" అని రెండు ముక్కలు చెప్పాలి, శాలువా కప్పితే కప్పించుకోవాలి, ఒంటిగంటకల్లా వచ్చి దుకాణం తెరవాలి. ఇందులో అడ్డం తిరగడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. కాని అతని చొక్కా జేబులో ఒక బ్యాటరీ ఉంది.

బస్వరాజుకు బ్యాటరీలు కొత్త కాదు. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన ఇరవై ఆరేళ్లుగా బ్యాటరీల దుకాణం నడుపుతున్నాడు. ట్రాక్టరుదైనా లారీదైనా సరే, రెండు చేతులతో ఎత్తి, చెవి దగ్గర ఊపి, "ఇది ఇంకో ఎండాకాలం ఆగది" అన్నాడంటే అది ఆగేది కాదు. పక్కనున్న కోహీర్ ఊరి అల్లం రైతులు కూడా కొత్త బ్యాటరీ కొనే ముందు ఇతని దగ్గరికొచ్చి ఒక మాట అడిగి పోతారు. ఆ ఇరవై ఆరేళ్లూ అతను రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చాడు. ఈ సంగతి కూడా కోహీర్ దాకా తెలుసు.

మానమని అడిగింది కూతురు అక్షత. ఆమె దవాఖానలో నర్సు. పొగ మానిపించే కౌంటరును ఆమె చేతిలో పెట్టారు. ఆ కౌంటరు ముందుకు జనం రాకపోలేదు, బాగానే వచ్చారు, ఎక్స్‌రే గది ఎక్కడని అడిగి వెళ్లిపోయారు. ఆరు నెలలు గడిచినా రిజిస్టరులో "మానినవారు" అన్న గడి ఖాళీగానే ఉంది. మే నెలాఖరుకు ఒక్క పేరైనా లేకపోతే కౌంటరు ఎత్తేస్తామని పైనుంచి కబురొచ్చింది. ఆ సాయంత్రం అక్షత తండ్రి ముందు పీట వేసుకుని కూర్చుంది.

"నాయినా, నాకు ఒక్క పేరు గావాలె," అంది.

ఆడబిడ్డ నగ అడగలేదు, చీర అడగలేదు, పేరు అడిగింది. ఏ తండ్రి కాదంటాడు? బస్వరాజు అక్కడికక్కడే జేబులోంచి కట్ట తీసి ఇంటి ముందు మురుగు మోరీలో పడేశాడు. పడేసిన గంటకు చేతులు వణికాయి. రెండు గంటలకు అన్నం చేదైంది. తెల్లవారేసరికి మోరీ వైపు ఒకటికి రెండుసార్లు చూశాడు.

సరిగ్గా అదే పొద్దున ఒక బొంబాయి లారీ వచ్చి దుకాణం ముందు ఆగింది. డ్రైవరు నోట్లో వేలెడంత ఉక్కు గొట్టం ఉంది. కిందనున్న మీట నొక్కి దమ్ము లాగుతుంటే చివర దీపం వెలుగుతోంది. వేరేవాళ్లయితే పొగను చూసేవాళ్లు. బస్వరాజు చూపు మాత్రం దీపం మీద పడింది. గింతంత దాంట్లో బ్యాటరీ ఎట్లా పెట్టారు? ఎన్ని ఓల్టులు? అతని ఒళ్లంతా కుతూహలమైపోయింది.

"బేటా, గదేంది?"

"వేప్ అంటరు చిచ్చా. కరెంటు దమ్ము. బీడీ జరూరతే లేదు," అని డ్రైవరు అటూ ఇటూ చూసి గుడ్డసంచి విప్పాడు. "ఎవ్వరికి చూపెట్టకు. గవర్నమెంటు బంద్ జేసింది, పోలీసోళ్లు చూస్తె గుంజుకుంటరు."

సంచిలో రెండు రకాలున్నాయి. ఒకటి పూర్తి సెట్టు. గొట్టం, గాజుసీసా, పొగగా మారే రసం అన్నీ ఉన్నాయి, బ్యాటరీ మాత్రం నాసిరకం, ఒకే ఓల్టేజీ. రెండోది ఒట్టి బ్యాటరీ, పైన చిల్లున్న ప్లాస్టిక్ మూత. కాని ఎంత బ్యాటరీ అది! మీట ఐదుసార్లు నొక్కితే మేలుకుంటుంది. మూడుసార్లు నొక్కితే దీపం రంగు మారి ఓల్టేజీ మారుతుంది. రెండింటి ధరా ఆరువందలే. భార్య మహాదేవమ్మకు చెప్పకుండా ఖర్చు పెట్టగలిగిన డబ్బు కూడా అతని దగ్గర అంతే ఉంది. బస్వరాజు మీటరు తెచ్చి తీగలు ఆనించి చూశాడు. ఆకుపచ్చ మీద మూడు పాయింట్ మూడు, నీలం మీద మూడు పాయింట్ ఏడు, ఎరుపు మీద నాలుగు పాయింట్ ఒకటి. ముల్లు ఒక్క గీత కూడా వణకలేదు.

"గిదియ్యి," అన్నాడు.

"చిచ్చా, అది ఖాళీ బ్యాటరీ. పైన సీసా, దాంట్ల రసం వేరే కొనాలె."

బస్వరాజు పెద్దగా నవ్వాడు. "నాకు చెప్తున్నవా బేటా గీ మాట? నేను గూడ గిరాకీలకు ఇరవై ఆరేండ్ల సంది గిదే చెప్తున్న, అవసరం లేకున్నా నీళ్లు వేరే కొనుమని. సీల్డ్ బ్యాటరీల నీళ్లెందుకు, రసమెందుకు?"

డ్రైవరు ఇంకేదో చెప్పబోయి, వెనక లారీవాడు హారను కొడుతుంటే దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఇక చూసుకోండి బస్వరాజు వైభోగం. పొద్దున చాయ్ తాగాక ఆకుపచ్చ మీద రెండు దమ్ములు. గిరాకీతో గొడవపడితే నీలం. అన్నం తిన్నాక ఎరుపు. దమ్ము లాగేటప్పుడు దీపం మినుకు మినుకుమని మెరిసేది, గొంతులోకి వెచ్చగా ఏదో దిగినట్టుండేది. ఒకనాడు ఎరుపు మీద నాలుగు దమ్ములు వరసగా లాగితే కళ్లు తిరిగి కుర్చీ పట్టుకున్నాడు. "ఎక్కువ ఓల్టేజీ మంచిది గాదు," అని మర్నాటి నుంచి తగ్గించాడు. పొగ రాదు, వాసన రాదు. మహాదేవమ్మ రోజూ చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "బంగారమసుంటి మనిషైండు," అని మురిసిపోయేది. అన్నిటికంటే వింత ఏమిటంటే మొదటిరోజు ఎక్కించిన ఛార్జింగు ఇప్పటిదాకా దిగలేదు. మాల్ అంటే గిట్లుండాలె అని బస్వరాజు లోలోపల గర్వపడ్డాడు.

అక్షత మాత్రం తండ్రి పేరు రిజిస్టరులో రాసుకుంది. రాసిన రోజు మిఠాయి తెచ్చి మొదటి ముక్క అతని నోట్లో పెట్టింది. బస్వరాజు జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ ముక్క మింగాడు. దొంగతనం చేసినవాడికి కూడా అంత సిగ్గు ఉండదు. దవాఖాన మీటింగు అయిపోయాక దీన్ని కూడా మోరీలో పడేస్తానని సంగమేశ్వరునికి మొక్కుకున్నాడు.

ఇదీ వెనకటి కథ. ఇక మే ముప్పై ఒకటి, పొగాకు వద్దనే దినం పొద్దున, తెల్ల చొక్కా తొడుక్కుని, స్టేజీ భయానికి వాకిట్లో ఓ దమ్ము లాగి, దాన్ని జేబులో వేసుకున్నాడు. తొందరలో వేలు మీట మీద పడినట్టుంది, పల్చటి చొక్కాలోంచి ఎర్రగా మినుకుతోంది. మహాదేవమ్మ చూడనే చూసింది.

"ఏందయ్యా గది? గుండె మీద లైటు పెట్టుకున్నవు?"

"టెస్టరే. బ్యాటరీలు చూసే కొత్త టెస్టరు," అన్నాడు బస్వరాజు. ఆ మాట ఎట్లా పుట్టిందో అతనికే తెలియదు.

అబద్ధం అంతటితో ఆగితే బాగుండేది. పక్కింటి సావిత్రమ్మ గోడ మీంచి తల పెట్టింది. "అన్నా, నిన్నటి సంది మా ఇన్వర్టరు ముక్కుతున్నది. జర ఆ టెస్టరు పెట్టి చూడరాదే. పిల్లలు ఉక్కపోతకు సస్తున్నరు."

కాదంటే అనుమానం. వెళ్లాడు. బ్యాటరీలో నీళ్లు అడుగంటిన సంగతి గుమ్మంలోంచే కనిపించింది. అయినా సావిత్రమ్మ కళ్లన్నీ జేబు మీదే ఉన్నాయి కాబట్టి ఆ గొట్టం తీసి ఇన్వర్టరుకు ఆనించి మీట నొక్కాడు. అది మినుకు మినుకుమంది. "నీళ్లు అయిపోయినయమ్మా," అన్నాడు గంభీరంగా. నీళ్లు పోయగానే పంఖా తిరిగింది. సావిత్రమ్మ రెండు చేతులూ జోడించింది, అతనికి కాదు, గొట్టానికి.

దవాఖాన హాలు కిటకిటలాడుతోంది. మొదటి వరసలో ఎస్సై కూర్చున్నాడు. స్టేజీ మీద సంగారెడ్డి నుంచి కౌంటరు సంగతి తేల్చడానికి వచ్చిన డాక్టర్ పీటర్, పక్కన రిజిస్టరు గుండెకు హత్తుకుని అక్షత. ఆమె "మా నాయిన," అని మొదలుపెట్టిందో లేదో కరెంటు పోయింది. కిరాయి మైకు కదా, బ్యాటరీ మీద నడవాలి. నడవలేదు. మైకు తెచ్చినవాడు పెట్టె మీద రెండు గుద్దులు గుద్ది చేతులెత్తేశాడు.

అప్పుడు జనంలోంచి సావిత్రమ్మ లేచింది. "ఫికరెందుకు? మా బస్వరాజన్న జేబుల జాదూ టెస్టరున్నది! పొద్దుగాల మా ఇన్వర్టరుకు ఆనిచ్చిండో లేదో పంఖా తిరిగింది!"

"నాయినా, రా నాయినా, చూడు జర," అని అక్షత పైనుంచి పిలిచింది. ఆ గొంతులో ఉన్న గర్వం విని బస్వరాజు కాదనలేక స్టేజీ ఎక్కాడు. మైకు పెట్టె దగ్గర వంగాడు. వైరు వదులైందని చూడగానే తెలిసింది. చేతికి అలవాటు కదా, వేలితో అదిమేశాడు. మైకు బతికిన సంగతి అతను గమనించలేదు. సావిత్రమ్మ మాత్రం "టెస్టరు, టెస్టరు!" అని అరుస్తూనే ఉంది. హాలంతా చూస్తోంది. గొట్టం బయటికి తీశాడు.

ఎస్సై కుర్చీలోంచి మెల్లగా లేచాడు. "సేటూ, గిది టెస్టరా?"

అవునంటే అయిపోతుంది. పొద్దున రెండుసార్లు అయిపోయింది కూడా. బస్వరాజు నోరు తెరిచి కూతురి వైపు చూశాడు. ఆమె నవ్వుతూ నిలబడి ఉంది.

"కాదు సార్," అన్నాడు. "కరెంటు బీడీ. బీడీ మానినంక నలభై దినాల సంది గిదే తాగుతున్న. నా బిడ్డకు తెల్వదు. దాని తప్పేం లేదు. నేనే అబద్ధమాడిన."

బతికిన మైకు ఆ మాటలన్నీ హాల్లోనే కాదు, బయట వేపచెట్టుకు కట్టిన మైకులోంచి రోడ్డు మీద కూడా వినిపించింది. షేర్ ఆటోలవాళ్లు కూడా ఇంజన్లు ఆపి విన్నారు.

అక్షత మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏడవలేదు, అరవలేదు. రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి, "ఒక్క పేరు అడిగిన గద నాయినా," అంది. తండ్రి పేరు మీద గీత పెట్టబోయింది.

"ఆగమ్మా, కొట్టెయ్యకు," అన్నాడు డాక్టర్ పీటర్. ఆయన అప్పటికే గొట్టం చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు. "బస్వరాజ్ గారూ, దీనికి ఎన్నిసార్లు ఛార్జింగ్ పెట్టిన్రు?"

"ఒక్కసారే సార్. నలభై దినాలైనా దిగలే. ఫస్టుక్లాసు మాల్." అంత అవమానంలోనూ ఈ మాట చెప్పేటప్పుడు అతని గొంతు కొంచెం లేచింది.

"రసం ఎక్కడ పోసిన్రు?"

"రసమెందుకు సార్, సీల్డ్ గదా?"

డాక్టరు మూత ఊడదీశాడు. లోపల ఏమీ లేదు. చిల్లులోంచి ఎస్సైని చూశాడు, ఎస్సై అటునుంచి ఆయన్ని చూశాడు. డాక్టరు మీట నొక్కితే దీపం మినుకు మినుకుమంది. "ఇట్ల మినుకుతున్నదంటే పైన ఏం లేదని చెప్తున్నది. సీసా లేదు, రసం లేదు, వేడయ్యే తీగ లేదు. మీరే చెప్పున్రి, లోడ్ లేని బ్యాటరీ ఛార్జింగ్ దిగకపోతే అది గొప్పనా?"

బస్వరాజు ఆ మూత లాక్కుని లోపలికి చూశాడు. కరెంటు బీడీ దొరికినప్పుడూ, అబద్ధం బయటపడ్డప్పుడూ అంత దెబ్బ తగల్లేదు. లోడ్ లేదు, కరెంటు తినే వస్తువే లేదు! దుకాణానికి వచ్చిన పసిపిల్లవాడికి కూడా తాను చెప్పే మొదటి పాఠం అది. లోడ్ పెట్టకుండా మీటరు చూసి మురిసిపోవద్దని ఎంతమందిని తిట్టాడో లెక్కే లేదు.

"అంటే నలభై దినాలు ఒట్టి గాలి పీల్చిండా?" అని సావిత్రమ్మ తేల్చేసింది. హాలు ఘొల్లుమంది.

"ఒట్టి గాలే," అన్నాడు డాక్టరు. "కొనుడు తప్పు, తాగుదామనుకునుడు తప్పు. తాగిందైతే ఏం లేదు. బీడీ మానింది నిజం." అని అక్షత చేతిలోని రిజిస్టరు తీసుకుని, ఆ పేరు పక్కన సంతకం పెట్టి, "కౌంటరు ఉంటది," అన్నాడు. అక్షత అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే వచ్చి తండ్రి భుజం మీద ఒక్కటి గట్టిగా కొట్టి, అదే భుజానికి శాలువా కప్పింది. ఎస్సై బ్యాటరీని కాగితంలో చుట్టి తీసుకుపోతూ, "ఇంకోపారి దొరికితే శాలువా ఉండదు సేటూ," అన్నాడు.

ఇంటికొచ్చాక బస్వరాజుకు ఏమీ తోచలేదు. అన్నం తిన్నాడు. చేతులు మళ్లీ వణికాయి. నలభై రోజుల్లో ఒక్కసారి కూడా గుర్తురాని బీడీ, తాగింది గాలేనని తెలిసిన ఆ పూట గుర్తొచ్చింది. మంచం అంచున కూర్చుని మోరీ వైపు చూస్తుంటే మహాదేవమ్మ లోపలికి వెళ్లి, అక్షత పాత పెన్నుకు రీఫిల్లు పీకేసి ఒట్టి గొట్టం తెచ్చి చేతిలో పెట్టింది.

"పట్టు. ఎరుపు మీదనే పెట్టిన," అంది.

బస్వరాజు రెండు దమ్ములు లాగి చూసి, ఓల్టేజీ కొంచెం తక్కువుందన్నాడు.